కొసరి వడ్డించకండి!

మన భాషలో ‘పడదు’ అనే మాట ఎంత చాకిరీ చేస్తుందో ఎప్పుడైనా గమనించారా? తోడికోడళ్ళిద్దరూ పలకరించుకోకపోతే ‘వాళ్ళిద్దరికీ పడదు’ అంటాం. పొరుగూరు వెళ్ళి వచ్చి జలుబు చేస్తే ‘ఆ ఊరి నీళ్ళు పడలేదు’ అంటాం. వంకాయ తింటే ఒళ్ళంతా దురద పుట్టేవాడూ, వంకాయ పేరు చెబితే ముఖం చిట్లించేవాడూ కూడా ‘నాకు వంకాయ పడదండీ’ అనే చెప్పుకుంటారు. మొదటివాడిది శరీరతత్వం, రెండోవాడిది పెంకెతనం. మాట మాత్రం ఒక్కటే!

తెలుగు పాఠాలు చెప్పుకుని బ్రతికేదాన్ని గనుక ఇలాంటి మాటల మీద నాకు కాస్త ధ్యాస ఎక్కువ. మన పెద్దవాళ్ళు తిండి విషయంలో ఎంతో నాజూకైన తేడాలు పాటించారు. నోటికి హితవు కానిది ‘సయించదు’. కడుపులో ఇమడనిది ‘అరగదు’. సెగగడ్డలు లేపేది ‘వేడి చేస్తుంది’. మోకాళ్ళు పట్టించేది ‘వాతం చేస్తుంది’. ఇన్ని మాటలు ఉండి కూడా, తిన్న పావుగంటలో పసిపిల్ల ఊపిరికి అడ్డం పడే ఉపద్రవానికి వేరే మాట లేకపోయింది. దానికీ ‘పడదు’ అనే అంటున్నాం. అక్కడే వచ్చింది చిక్కంతా.

ఆ మాటకొస్తే పాశ్చాత్యులకు కూడా ఈ మాట కొత్తదే. ‘ఎలర్జీ’ అనే పేరును 1906లో వియన్నా నగరపు పిల్లల డాక్టరు ఫాన్ పిర్కే గ్రీకు ముక్కలు అతికి తయారుచేశాడు. అంతకు కొద్ది ఏళ్ళ ముందు షార్ల్ రిషే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఒక విచిత్రం కనిపెట్టాడు. ఒకసారి విషం ఎక్కించి బ్రతికి బయటపడ్డ కుక్కకు కొన్నాళ్ళాగి అదే విషం అతికొద్దిగా ఇస్తే, అలవాటుపడి తట్టుకోవడానికి బదులు నిమిషాల మీద ప్రాణం విడిచింది. ఈ పరిశోధనకు ఆయనకు 1913లో నోబెల్ బహుమానం వచ్చింది. ‘కొంచెం కొంచెం అలవాటు చెయ్యండి, అదే సర్దుకుంటుంది’ అని సలహా చెప్పే ఇరుగుపొరుగు అమ్మలకు ఈ కుక్క కథ చెబుతూ ఉంటాను.

ఇంతకీ నాకెందుకీ గొడవ అంటారేమో, మా చిన్నమ్మాయికి వేరుశెనగ పడదు. ఇప్పుడు దానికి పదకొండో ఏడు. నాలుగో ఏట, పాలకొల్లులో మా ఆడపడుచుగారి ఇంట పెళ్ళికి వెళ్ళినప్పుడు ఎవరో ముచ్చటపడి దాని చేతిలో వేరుశెనగ ఉండ పెట్టారు. అంతకు ముందు ఒకటి రెండుసార్లు తిన్నదే, ఏమీ కాలేదు. ఈసారి సగం ఉండ తిన్నదో లేదో, పెదవులు ఉబ్బాయి. మెడ మీద, పొట్ట మీద దద్దుర్లు తేలాయి. వాంతి చేసుకుంది. ఆ తరువాత దగ్గు మొదలై, గొంతు బొంగురుపోయింది. పెళ్ళివారిల్లు కదా, వైద్యులకు కరువేమిటి? ఒకరు దిష్టి అన్నారు. ఒకరు పైత్యం అన్నారు. ఇంకొకరు విభూతి తెచ్చారు. మా వారు ఎవరి మాటా వినకుండా పిల్లను భుజాన వేసుకుని కారెక్కారు. ఆసుపత్రిలో పిల్లల డాక్టరుగారు చూస్తూనే తొడలో ఒక ఇంజక్షను వేశారు. కళ్ళముందే పది నిమిషాల్లో పిల్ల గొంతు మళ్ళీ గొంతైంది. ఆ మందు పేరు ఎడ్రినలిన్. మన ఒంట్లోనే ఊరే పదార్థం. 1901 నాటికి జపాను దేశస్థుడు తకమీనె దాన్ని విడిగా తీసి చూపించాడు. శతాబ్దం దాటినా ఈ ఆపదకు దానిని మించిన మందు లేదట.

ఆ డాక్టరుగారు మంచి కబుర్లపోగు. నా గాభరా చూసి ఇలా చెప్పారు: “ఇంటికి గూర్ఖాను కాపలా పెట్టుకున్నారనుకోండమ్మా. అతను దొంగను పట్టుకుంటే మంచిదే. కాని మీ మేనమామ పండ్లబుట్టతో వస్తుంటే దొంగ అనుకుని, ఈలలు ఊది, కర్రతో బాది, వీధి తలుపులన్నీ బిగించేశాడనుకోండి! ఇంట్లోవాళ్ళకు ఊపిరాడదు. మీ అమ్మాయి ఒంట్లో కాపలావాడు వేరుశెనగను ఒకసారి దొంగగా గుర్తుపెట్టుకున్నాడు. ఇహ మరిచిపోడు.”

ఆ గుర్తుపెట్టుకునే పదార్థం రక్తంలో ఫలానాది అని 1966, 67 సంవత్సరాల్లో ఇషిజాకా అనే జపాను దంపతులూ, వారితో సంబంధం లేకుండా స్వీడను శాస్త్రజ్ఞులూ కనుక్కున్నారు. పాలు తాగితే కడుపుబ్బరం చేసేది ఈ జాతి జబ్బు కాదు. అది అరగకపోవడం, బాధే గాని ప్రాణభయం లేదు. ఇంకో సంగతి కూడా డాక్టరుగారు గట్టిగా చెప్పారు. ఈమధ్య ఒక రక్తపరీక్ష చేయించి, ఆ కాగితంలో గుర్తు పడ్డ పాలు, గుడ్లు, గోధుమలు, పప్పులు అన్నీ పిల్లలకు మానిపించేస్తున్నారట. పరీక్షలో గుర్తు పడినంత మాత్రాన ఎలర్జీ ఉన్నట్టు కాదు. తిన్నప్పుడు ఏమయిందన్నదే అసలు సాక్ష్యం. ఆ రెండూ కలిపి చూసే డాక్టరు చెబితేనే తిండి మాన్పించాలి. లేకపోతే పిల్లలు చిక్కిపోవడమే మిగులుతుంది. మా అమ్మాయికి శెనగపప్పు నిక్షేపంగా పడుతుంది. వేరుశెనగ పేరులో శెనగ ఉన్నా, పప్పుధాన్యాలలో రెండూ బంధువులే అయినా, ఒకటి పడకపోతే రెండోదీ పడకూడదన్న నియమం లేదట. కుటుంబాలలోనూ అంతే కదా!

ఇంట్లో సంగతి తొందరగానే సర్దుకుంది. మా అత్తగారు మొదట “మా రోజుల్లో ఇలాంటి జబ్బులు ఎక్కడున్నాయే అమ్మాయ్!” అన్నారు. ఆవిడ మాటలో నిజం లేకపోలేదు. బెంగుళూరు, మైసూరు ప్రాంతాల బడిపిల్లలను కూడా కలిపి చేసిన ఒక పెద్ద సర్వే 2020లో వెలువడింది. మనవైపు వెయ్యిమంది పిల్లల్లో ఒకరో ఇద్దరో తప్ప ఇలాంటివారు లేరని తేలింది. పాశ్చాత్య దేశాల్లో ఈ లెక్క చాలా ఎక్కువ. కాని ఆ వెయ్యిలో ఒక్కరు మన ఇంట్లో ఉన్నప్పుడు మిగిలిన తొమ్మిదివందల తొంభైతొమ్మిది మంది లెక్క మనకెందుకు? ‘ఆ రోజుల్లో’ ఇలా పోయిన పిల్లలను గాలి సోకి పోయారనే చెప్పుకుని ఉంటారు కాబోలు. అత్తగారికి ఈ మాట చెబితే చాలాసేపు మాట్లాడలేదు. మర్నాటి నుంచి మా ఇంట్లో పులిహోర తాలింపులో వేరుశెనగ గింజ కనబడలేదు. గానుగనూనె డబ్బా కూడా మాయమైంది. బాగా శుద్ధి చేసిన వేరుశెనగ నూనెలో ఆ హానిచేసే మాంసకృత్తులు దాదాపు ఉండవు గాని, గానుగ ఆడిన నూనెలో ఉంటాయి.

అసలు కష్టం బడితో వచ్చింది.

మొదట ఒక ప్రైవేటు స్కూల్లో వేశాం. పేరు ఎందుకులెండి. నేను వెళ్ళి విషయం చెబితే “అలాగేనండీ, మేం చూసుకుంటాం” అన్నారు. ఇది మన దేశంలో చాలా ప్రమాదకరమైన వాక్యం. దానికి అర్థం ‘మీరిక వెళ్ళిరండి’ అని. క్లాసు టీచరు చిన్నపిల్ల, మంచిదే. “మా తమ్ముడికి కూడా కాకరకాయ పడదండీ” అంది నన్ను ఓదారుస్తూ. బడిలో ప్రమాదాలు భోజనాలవేళ ఒక్కటే కాదు. పుట్టినరోజని ఎవరో ఒకరు చాక్లెట్లు పంచుతారు. పిల్లలు క్యారేజీలు విప్పి కూరలు మార్చుకుంటారు. ఇడ్లీలో చట్నీ, గుత్తివంకాయలో పొడి, అటుకులలో గింజలు, ఇలా వేరుశెనగ మారువేషాలు ఎన్నని చెప్పను!

రెండో తరగతిలో ఒకనాడు ఆ స్కూలువారు ఒక ఉపాయం కనిపెట్టారు. మా అమ్మాయిని భోజనాలవేళ మిగతా పిల్లల నుంచి విడదీసి, సామాను గది పక్క బల్ల మీద ఒంటరిగా కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. వారి దృష్టిలో అది జాగ్రత్త. పిల్ల కొన్నాళ్ళు ఏమీ చెప్పలేదు. క్యారేజీ మాత్రం సగం అన్నంతో తిరిగి వచ్చేది. ఒక రాత్రి పడుకోబోతూ అడిగింది: “అమ్మా, నన్ను ముట్టుకుంటే వాళ్ళకి అంటుకుంటుందా?”

నేను ఎమ్.ఏ. క్లాసులో ‘అపాంక్తేయుడు’ అనే మాటకు వ్యుత్పత్తి వ్రాశాను. పంక్తిలో కూర్చోతగనివాడు అని అర్థం. పరీక్షకు వ్రాసి మరిచిపోయిన మాట. ఆ రాత్రి దాని అర్థం తెలిసింది. మన సీమలో మనిషిని కొట్టనక్కరలేదు, తిట్టనక్కరలేదు. విస్తరి తీసుకెళ్ళి అవతల వేస్తే చాలు. ఎన్ని కులాలవాళ్ళను, ఎన్ని తరాలపాటు అలా అవతల కూర్చోబెట్టామో అందరికీ తెలిసిందే. అంతా తెలిసి, పిల్లను కాపాడడానికి మళ్ళీ ఆ పద్ధతేనా?

నేను డాక్టరుగారిని సూటిగా అడిగాను, పక్కపిల్ల వేరుశెనగ తింటుంటే మా పిల్లకు ప్రమాదమా అని. ఆయన లేదన్నారు. వాసన తగిలితేనో, పక్కన కూర్చుంటేనో పెద్ద ఉపద్రవం రావడం బహు అరుదు. నోట్లోకి వెళ్ళడంతోనే అసలు భయం. అంచేత చేతులు కడిగించాలి, ఎంగిలి గరిటెలు కలవకూడదు, పంచుకోవడం కూడదు. పంక్తి నుంచి లేపనక్కర లేదు. చేతులు కడగడం కూడా సబ్బుతోనే. ఉత్త నీళ్ళకూ, కరోనా రోజుల్లో అలవాటైన శానిటైజరుకూ వేరుశెనగ జిడ్డు వదలదు.

మూడో తరగతి అయ్యాక పిల్లను ఊళ్ళో ప్రభుత్వ బడికి మార్చాం. “లెక్చరరమ్మ కూతుర్ని సర్కారు బళ్ళో వేసింది” అని బంధువులు ముక్కున వేలేసుకున్నారు. పైగా విడ్డూరం ఏమిటంటే, వేరుశెనగ చిక్కీ వారానికి మూడు రోజులు పంచేది ఆ బడిలోనే!

ఇక్కడ ఈ బడిభోజనం సంగతి కొంచెం చెప్పాలి. పిల్లలకు వండిన అన్నమే పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఆజ్ఞాపించింది. మన రాష్ట్రంలో 2003 జనవరి నుంచి వండి వడ్డించడం మొదలైంది. 2020లో జాబితా మార్చి, గుడ్డూ చిక్కీ చేర్చి ‘గోరుముద్ద’ అని పేరు పెట్టారు. 2023లో రాగిజావ వచ్చింది. 2024లో ఈ పథకానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆవిడ మన గోదావరి గడ్డ మీద, లంకల గన్నవరంలో, వేళాపాళా లేకుండా, ఎవరు ఏమిటని అడగకుండా వచ్చినవారందరికీ అన్నం పెట్టి 1909లో కన్నుమూసిన ఇల్లాలు. చిక్కీలో వేరుశెనగా బెల్లమూ ఉంటాయి. బలహీనమైన పిల్లలకు అంత చవకగా అంత బలం ఇచ్చే వస్తువు మరొకటి దొరకదు. నా పిల్ల కోసం బడిలో చిక్కీ మానెయ్యమని అడగడానికి నాకు నోరు రాలేదు. ఇంటి దగ్గర పొద్దుట ఏమీ తినకుండా వచ్చే పిల్లలు ఆ వరసలో ఎందరో ఉన్నారు.

మరి ఆ బడే ఎందుకంటే, అక్కడి హెడ్‌మిస్ట్రెస్‌గారు ‘మేం చూసుకుంటాం’ అనలేదు. “ఏం చెయ్యాలో వ్రాసి ఇవ్వండమ్మా” అన్నారు.

ఆ ఒక్క కాగితం వ్రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. కాలేజీలో ప్రబంధాల మీద గంటలు గంటలు ఉపన్యసించగలను గాని, వంటమనిషికి ఒక్కసారి చదివితే బోధపడేలా ఆరు వాక్యాలు వ్రాయడం అంత తేలిక కాదని తెలిసింది. ‘ఈ బాలికకు వేరుశెనగ పడదు’ అని వ్రాసి కొట్టేశాను. ‘వేరుశెనగ ఈ పిల్లకు విషం; ఒక్క గింజ కూడా’ అని వ్రాశాను. దాని కింద గుర్తులు: పెదవులు ఉబ్బడం, దద్దుర్లు, వాంతి, ఆగని దగ్గు, గొంతు మారడం, పిల్ల వాలిపోవడం. దాని కింద చెయ్యవలసినవి, చెయ్యకూడనివి, ఫోను నంబర్లు. చదువురానివారి కోసం మా పెద్దవాడు వేరుశెనక్కాయ బొమ్మ గీసి ఎర్రసిరాతో కొట్టేశాడు. పిల్ల ఫొటో అంటించాం.

వంటమ్మ ఆ కాగితం ఇటూ అటూ తిప్పి చూసింది. ఇద్దరు మనవల్ని పెంచుతున్న మనిషి. బడి చదువు ఆవిడకు లేదు. అంతా విని ఒకే ఒక్క ప్రశ్న వేసింది: “మరి గరిటె సంగతేంటండి?”

నేను ఆశ్చర్యపోయాను. ఇంత చదివినవాళ్ళెవరూ అడగని ప్రశ్న అది! చట్నీలో ముంచిన గరిటె పప్పులో పెడితే పప్పు కూడా చట్నీయే కదా. కెనడాలో 2003లో సబ్రీనా షానన్ అనే పదమూడేళ్ళ పిల్ల తన హైస్కూలు భోజనశాలలో బంగాళాదుంప వేపుడు తిని ప్రాణం పోగొట్టుకుంది. ఆమెకు పాలు పడవు. వేపుడులో పాలు లేవు. పాలపదార్థం తగిలిన పట్టకారుతో దాన్ని కూడా వడ్డించి ఉంటారని అనుమానించారు. ఆ పిల్ల పేరుతో ఆంటారియో రాష్ట్రంలో చట్టం చేశారు. 2006 జనవరి 1 నుంచి అక్కడి ప్రతి బడిలోనూ ఇలాంటి పిల్లలకు రక్షణ ఏర్పాటు తప్పనిసరి. ఇంత పెద్ద చట్టానికి మూలమైన సంగతి మా వంటమ్మకు పొయ్యి దగ్గర నిలబడే తట్టింది.

తరువాత ఏర్పాట్లన్నీ ఆవిడవే. పచ్చటి గుడ్డపీలిక కట్టిన గరిటె ఒకటి విడిగా పెట్టింది. పులిహోర తాలింపులో వేరుశెనగ బదులు శెనగపప్పు వేసింది. పిల్లలెవరూ కనిపెట్టలేదు కూడా. చట్నీ చేసిన రోజు మాత్రం మా అమ్మాయి ఇంటి క్యారేజీ తెచ్చుకుంటుంది, కాని పంక్తిలోనే కూర్చుంటుంది. చిక్కీలు మధ్యాహ్నం కాకుండా, ఇంటికి వెళ్ళేటప్పుడు గేటు దగ్గర ఇచ్చే ఏర్పాటు హెడ్‌మిస్ట్రెస్‌గారు చేశారు. అప్పుడు దీని చేతిలో కొబ్బరిముక్క, బెల్లంముక్క పెడతారు. కొన్నాళ్ళకు నలుగురైదుగురు పిల్లలు తమ చిక్కీ ఇచ్చి కొబ్బరి బెల్లం అడగడం మొదలుపెట్టారట!

ఇంజక్షను విషయంలో మాత్రం చాలా చర్చ జరిగింది. పై దేశాల్లో పెన్నులాంటి సాధనం ఉంది. తొడకు ఆనించి నొక్కితే చాలు, మందు దానంతట అదే ఎక్కుతుంది. మన ఊళ్ళలో మందులషాపుకు వెళ్ళి అడిగితే సులభంగా దొరికే వస్తువు కాదది. అంచేత డాక్టరుగారు చిన్న పెట్టెలో మందు బుడ్డీలు, సిరంజీలు పెట్టి, పిల్ల బరువును బట్టి ఎంతవరకు లాగాలో సిరంజీ మీద గీత పెట్టి ఇచ్చారు. బరువు పెరిగినప్పుడల్లా ఆ గీత మార్చాలి. మందుకు గడువుతేదీ చూడాలి. ఇద్దరు టీచర్లు ఆయన దగ్గరకు వెళ్ళి బత్తాయిపండు మీద ఉత్త నీళ్ళతో అభ్యాసం చేశారు. “మేం సూది వేశాక ఏమైనా అయితే మా మీదికి రాదా?” అని వాళ్ళు భయపడ్డారు. భయం సహజమే. డాక్టరుగారు, “అక్కరలేకుండా వేస్తే కాసేపు గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి. అక్కరైనప్పుడు వెయ్యకపోతే పిల్ల దక్కదు. మీరే తూచుకోండి” అన్నారు. తల్లిదండ్రులుగా మేం సంతకం పెట్టి అనుమతిపత్రం ఇచ్చాం.

ఆ కాగితంలో ‘చెయ్యవలసినవి’ అని వ్రాసిన నాలుగు ముక్కలూ ఇక్కడా చెబుతాను; ఎవరికి ఎప్పుడు పనికివస్తాయో! ముందు సూది, తరువాతే మిగతావి. పిల్లను పడుకోబెట్టి కాళ్ళ కింద ఎత్తు పెట్టాలి. ఊపిరి ఆడక ఆయాసపడుతుంటే కూర్చోనివ్వాలి గాని లేపి నడిపించకూడదు. వెంటనే 108కి ఫోను చెయ్యాలి. అయిదు నిమిషాలు దాటినా తేరుకోకపోతే రెండో సూది. దురద తగ్గించే మాత్రలు దద్దుర్లకు పనికివస్తాయి గాని మూసుకుపోయే గొంతును తెరవలేవు. పిల్ల తేరుకున్నా ఆసుపత్రికి తీసుకువెళ్ళవలసిందే, ఎంచేతంటే కొన్ని గంటల తరువాత మళ్ళీ తిరగబెట్టవచ్చు. దిష్టి తరువాత తీసుకోవచ్చు.

ఈ డెల్టాలో మరొక సంగతి కూడా ఉంది. ఎటు చూసినా రొయ్యల చెరువులు. రొయ్యలు, పీతలు పడనివాళ్ళు మనలో తక్కువేమీ కాదు. ఎంతసేపు ఉడికించినా రొయ్యలోని ఆ గుణం పోదు. ఉడికే రొయ్యల ఆవిరి పీల్చి ఆయాసం తెచ్చుకునే పనివాళ్ళు రొయ్యల ఫ్యాక్టరీల్లో ఉంటారు. ‘రొయ్యలు తింటే మా వాడికి కాస్త దద్దుర్లు వస్తాయండీ’ అని నవ్వుతూ చెప్పే తల్లులు ఒకసారి డాక్టరుకు చూపించుకోవడం మంచిది.

బజారు తిండ్ల సంగతి సరేసరి. 2020 నాటి ఆహార లేబుళ్ళ నిబంధనల ప్రకారం గోధుమ వంటి ధాన్యాలు, రొయ్య పీత జాతి, గుడ్డు, చేప, వేరుశెనగ, సోయా, జీడిపప్పులాంటి గింజలు, పాలు ఉంటే పొట్లం మీద విడిగా చెప్పాలి. చాలా మంచి నిబంధన. కాని ఇంగ్లీషులోనో హిందీలోనో వేస్తే చాలునట! మా వంటమ్మకూ, మా అత్తగారికీ, ఆయాకూ ఆ రెండూ రావు. సినిమా పోస్టరు మీద, సబ్బు ప్రకటన మీద వేసే తెలుగు, పిల్ల ప్రాణానికి సంబంధించిన ఒక్క ముక్కకు కరువైందా? తెలుగు కోసం సభలు చేసే మా బోటివాళ్ళం అడగవలసిన సంగతుల్లో ఇదొకటి. పైగా ఆ జాబితాలో నువ్వులు లేవు. అమెరికావారు 2023 నుంచి నువ్వులు కూడా చేర్చారు. చిమ్మిలి దంచుకుని తినే మనకు వాళ్ళకంటె ముందే తోచవలసింది.

చంటిపిల్లల తల్లులకు ఒక మంచి కబురు. 2015లో లండనులో ఆరువందల నలభై మంది చంటిపిల్లల మీద చేసిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. అందరూ ఎలర్జీ వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్నవాళ్ళే. ఏడాది నిండక ముందునుంచే వేరుశెనగ మెత్తగా చేసి తినిపించిన పిల్లల్లో, అయిదేళ్ళు వచ్చేసరికి ఈ జబ్బు చాలా తక్కువగా కనబడింది. దాచిపెట్టిన పిల్లల్లోనే ఎక్కువ. అంతకుముందు డాక్టర్లు దాచిపెట్టమనే చెప్పేవారు! అయితే ఇది జబ్బు రాకుండా చేసే ఉపాయమే గాని, వచ్చినవాళ్ళకు ఇంట్లో చేసే వైద్యం కాదు. ఒంటినిండా గజ్జిలాంటి పొక్కులున్న చంటిపిల్ల అయితే డాక్టరును అడిగే మొదలుపెట్టాలి.

ఇన్ని జాగ్రత్తల తరువాత కూడా మాకు లొంగని శత్రువు ఒకటి మిగిలింది. మన మర్యాద!

కిందటేడు ఆగస్టు పదిహేనున బడికి ఒక పెద్దమనిషి అతిథిగా వచ్చారు. జెండా ఎగరేసి, తన ఖర్చుతో చేయించిన వేరుశెనగ ఉండలు పిల్లలందరికీ స్వయంగా పంచుతున్నారు. మా అమ్మాయి వంతు వచ్చింది. “వద్దండీ” అంది. “ఫరవాలేదు, తీసుకోమ్మా” అన్నారు. “వద్దండీ, నాకు పడదండీ” అంది. “బెల్లంతో చేసిందే తల్లీ, ఏం కాదు” అని ఉండ విరిచి నోటి దగ్గర పెట్టబోయారు. పిల్ల రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన అదంతా మొహమాటమనుకుని నవ్వుతున్నారు. ఇంతలో వంటగదిలోంచి మా వంటమ్మ పరుగెత్తుకొచ్చి, “బాబుగారూ, ఆ పిల్లకి పెట్టకండి, పేణం మీదకొస్తదండి!” అని కేకవేసింది. ఆయన చెయ్యి అలాగే ఆగిపోయింది. నిజం తెలిశాక పాపం ఎంతో నొచ్చుకుని, సాయంత్రం మా ఇంటికి వచ్చి మరీ పలకరించి వెళ్ళారు. చాలా మంచి మనిషి. ఆయన మంచివారు గనుకనే భయం వేసింది నాకు. విషం పెట్టేవాణ్ణి చూస్తే ఎవరైనా జాగ్రత్తపడతారు. ప్రేమతో పెట్టేవారిని ఏమని ఆపడం?

మన గోదావరి జిల్లాల మర్యాద లోకప్రసిద్ధం. విస్తట్లో చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి నెయ్యి వడ్డిస్తాం. ‘వద్దు’ అంటే మనకు ‘ఇంకొక్కసారి అడగండి’ అని అర్థం. మూడుసార్లు వద్దనకుండా తీసుకునేవాడు తిండిపోతు. మూడోసారి వద్దన్నాక కూడా వెయ్యకుండా వెళ్ళిపోయేవాడు పీనాసి. ఇలా వద్దు అన్న మాటకు అర్థమే లేకుండా చేసుకున్న భాషలో, నిజంగా వద్దనవలసిన పిల్ల ఏ మాట వాడాలి?

మా అమ్మాయికి ఇప్పుడు ఒక వాక్యం నేర్పాను. “ఇది తింటే నాకు ఊపిరాడదండీ, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.” తల వంచుకోకుండా, గట్టిగా, పెద్దవాళ్ళ కళ్ళలోకి చూసి చెప్పమన్నాను. మొదట్లో సిగ్గుపడేది. “పెద్దవాళ్ళకి ఎదురుచెప్పినట్టు కాదా అమ్మా?” అంది. కాదన్నాను. వచ్చే ఏళ్ళలో ఇది తణుకో, రాజమండ్రో చదువుకు వెళుతుంది. అక్కడ వంటమ్మ ఉండదు, పచ్చపీలిక గరిటె ఉండదు. ఈ వాక్యం మాత్రం దీనితో పాటు వెళుతుంది. మా అత్తగారు పెళ్ళిళ్ళలో ఇప్పటికీ వంటవాళ్ళ దగ్గరకు వెళ్ళి, ఏ పాత్రలో ఏముందో దబాయించి అడిగి వస్తున్నారు. ఆవిడను చూసి వంటవాళ్ళు వియ్యపురాలు కాబోలనుకుని భయపడుతూ ఉంటారు.

ఇక మీతో ఒక్క మనవి. రేపు మీ ఇంటికి వచ్చిన పసిపిల్ల ఎవరైనా, ఏ వంటకాన్నయినా వద్దంటే, అది పెంకెతనమో, మొహమాటమో, ప్రాణభయమో మీరు తేల్చకండి. మొదటి ‘వద్దు’కే గరిటె వెనక్కు తీసుకోండి. “ఎందుకమ్మా?” అని అడగండి, చెబుతుంది. దాని పక్కన కూర్చుని దానికి పడేది ఏదో అది పెట్టండి. మీ మర్యాదకు ఏ లోటూ రాదు.